అనుమతి లేని పరికరం

తమ్ముడి తెర మీద ఆ వాక్యం కనిపించి ఆదివారానికి ఆరు రోజులైంది. ‘ఈ పరికరానికి అనుమతి లేదు. దయచేసి తొలగించండి.’ గేమ్ కన్సోల్ తనంతట తానే కొత్త అప్‌డేట్ దించుకుని, ఆ క్షణం నుంచి అతని కంట్రోలర్‌ని గుర్తుపట్టడం మానేసింది.

ఆరేళ్ళ కిందట మేడ మీద నీళ్ళ ట్యాంకు కడుగుతూ జారిపడి మెడ విరిగింది. మూడేళ్ళుగా అతనికి ఆ కంట్రోలరే చేతులు. కుడిచేతి రెండు వేళ్ళు తప్ప మెడ కింద ఏదీ అతని మాట వినదు. ఆ రెండు వేళ్ళూ వణుకుతాయి. గడ్డంతో తిప్పే పుల్ల, ఊదితే పనిచేసే గొట్టం, వేళ్ళ కింద రెండు మీటలు. ఇవన్నీ కూర్చి దాన్ని తయారుచేసింది చిన్నక్క. పాత కన్సోళ్ళు బాగుచేసే దుకాణం ఆమెది. వీధిలో అందరికీ ఆమె ‘డాక్టర్’.

తమ్ముడికి కిందటి నెలలో ఒక గేమ్ స్టూడియోలో ఉద్యోగం వచ్చింది. తయారవుతున్న ఆటల్ని విడుదలకు ముందే ఆడి, ఎక్కడెక్కడ తప్పులున్నాయో పట్టి చెప్పే పని. సోమవారం చేరాలి. అంటే రేపే.

డాక్టర్ చేయని వైద్యం లేదు. చివరికి శనివారం సాయంత్రం, అప్‌డేట్‌తో పాటు కన్సోల్ కంపెనీ బయటపెట్టిన సాంకేతిక పత్రాన్ని ఆఖరి పేజీ దాకా చదివింది. అట్టడుగున, ఆమోదించినవారి పేరు ఉండవలసిన చోట, మూడు పొడి అక్షరాలు. చిన్నప్పుడు తనకు దక్కిన ప్రతి పాత పాఠ్యపుస్తకం అట్ట మీదా ఉండేవి అవే అక్షరాలు. పెద్దక్కవి.

వెంటనే ఫోన్ చేసింది. “ఆ సంతకం నీదేనా?”

పెద్దక్క, “రేపొస్తాను. ఫోన్లో వద్దు” అని మాత్రం అంది.

*

చెప్పినట్టే మర్నాడు పదకొండింటికి వచ్చింది పెద్దక్క. ఇంట్లోకి వెళ్ళాలంటే ముందున్న దుకాణం దాటాలి. దుకాణం నిండా పొట్టలు విప్పిన కన్సోళ్ళు. దుమ్ము పట్టిన ఫ్యాన్లు, డిస్కు మింగి కక్కడం మరిచిపోయిన యంత్రాలు, సాకెట్ విరిగినవి, పిల్లలు నీళ్ళు పోసినవి. దేనికి దానికి చీటీ. ఆదివారమే అయినా డాక్టర్ నుదుటికి దీపం కట్టుకుని ఒకదాని మీద వంగి ఉంది. తల ఎత్తలేదు.

“నన్ను లోపలికి వెళ్ళనిస్తావా, ఇక్కడే తిడతావా?” అంది పెద్దక్క.

“ఇక్కడే. వాడికి వినపడకూడదు.”

పెద్దక్క స్టూలు లాక్కుని కూర్చుంది. నలభై దాటింది. పదిహేనేళ్ళుగా ఆ కంపెనీలో ఉంది. కన్సోల్‌కి తగిలించే ప్రతి వస్తువూ ఆమె బృందం ముద్ర పడితేగాని లోపలికి రాదు. ఆ సంగతి ఇంట్లో అందరూ గొప్పగా చెప్పుకునేవారు, ఆరు రోజుల కిందటి వరకూ.

“అనుమతి ముద్ర లేని ప్రతి కంట్రోలర్‌నీ గెంటేస్తుందా మీ అప్‌డేట్?”

“ప్రతిదాన్నీ.”

“మన వాడిదీ గెంటుతుందని నీకు తెలుసు.”

“తెలుసు.”

డాక్టర్ స్క్రూడ్రైవర్ బల్ల మీద పెట్టింది. పడేయలేదు, పెట్టింది. కోపం తలకెక్కినప్పుడు ఆమె చేతులు అంత నెమ్మదిగా కదులుతాయి.

“తెలిసి కూడా ఒక్క మాట చెప్పలేదు. నేను నెట్‌లో పెట్టిన డ్రాయింగ్ చూసి ఇలాంటిది చేసుకున్నవాళ్ళు ఎంతమందో తెలుసా నీకు? సోమవారం నుంచి నా ఫోన్ మోగుతూనే ఉంది. ఒకావిడ టీచరు. ఒక చెయ్యి పోయింది. ఊరు మారిపోయిన కొడుకుతో రోజూ సాయంత్రం అరగంట ఆడేది. ఏం పాపం చేశానమ్మా అని అడుగుతోంది. ఏం చెప్పను? మా అక్క సంతకం పెట్టిందండీ అని చెప్పనా?”

డాక్టర్ అక్కడితో ఆగలేదు.

“పాత కన్సోల్ సంగతి సరే. వచ్చే ఏడాది మీరు తెస్తున్న కొత్తదాంట్లో డిస్కు పెట్టే చోటే లేదటగా?”

“లేదు. ఆటలన్నీ నెట్ నుంచే.”

“పాడైతే నేను విప్పొచ్చా?”

“విప్పొచ్చు. కానీ లోపలి భాగాలు ఒకదాన్నొకటి గుర్తుపెట్టుకుంటాయి. నువ్వు వేరే ఫ్యాను వేస్తే ఆన్ అవదు.”

“డాక్టర్ని గుమ్మంలోనే ఆపేసే రోగి!” అంటూ నవ్వబోయింది డాక్టర్. నవ్వు రాలేదు. “నా దుకాణం మూసుకుంటాను, ఇంకో పని చూసుకుంటాను. వాడు ఏం మూసుకోవాలి అక్కా?”

పెద్దక్క సంచిలోంచి నల్లటి చిన్న డబ్బీ తీసి బల్ల మీద పెట్టింది. బొటనవేలంత ఉంది. ఒక వైపు కంట్రోలర్ తీగ పెట్టే రంధ్రం, రెండో వైపు కన్సోల్‌కి గుచ్చే మూతి.

“ఇది విప్పు.”

“ఏంటిది?”

“ముందు విప్పు.”

రెండే స్క్రూలు. మూత ఊడగానే డాక్టర్ నుదుటి దీపం లోపలి పలక మీద పడింది. ఆమె చెయ్యి అక్కడే ఆగిపోయింది. తమ్ముడి కంట్రోలర్ పలక మీద చోటు చాలక తాను ఒక మూల రెండు భాగాల్ని ఏటవాలుగా అతికించింది మూడేళ్ళ కిందట. చూడ్డానికి బాగోలేదని అప్పుడే విసుక్కుంది. అవే రెండు భాగాలు ఇందులోనూ అదే మూల అలాగే పడుకుని ఉన్నాయి. ఎక్కడో అంగట్లో తన చేతిరాత కనిపించినట్టయింది ఆమెకు.

“ఇది దొంగాట డబ్బీ,” అంది పెద్దక్క. “తుపాకీ ఆటలు ఆడేవాళ్ళు మామూలు కంట్రోలర్‌కీ కన్సోల్‌కీ మధ్య పెట్టుకుంటున్నారు. తుపాకీ పేల్చినప్పుడు గురి అదిరి పైకి పోతుంది కదా. ఇది ఉంటే పోదు. రాయిలా నిలబడుతుంది. అయిదు నెలల్లో లక్షల మంది కొన్నారు. మామూలుగా ఆడేవాళ్ళు ఓడిపోయి, విసిగిపోయి ఆట మానేస్తున్నారు. దీన్ని ఆపడానికే ఆ అప్‌డేట్.”

“నా డ్రాయింగ్ నెట్‌లో ఊరికే పెట్టాను. వాడిలాంటి వాళ్ళ కోసం పెట్టాను. ఎవడో దొంగ తీసుకుంటే నేనేం చేయను?”

“డ్రాయింగ్ సంగతి నాకూ తెలుసు. ఇది చదువు.” నాలుగు మడతల కాగితం విప్పి ఇచ్చింది పెద్దక్క. డబ్బీ లోపల నడిచే ప్రోగ్రామ్‌ని కంపెనీ వాళ్ళు బయటికి లాగి అచ్చు వేసిన కాగితం.

మొదటి పది వరుసలూ చదివేసరికి డాక్టర్ గుర్తుపట్టింది.

అది వణుకుని ఆపే ప్రోగ్రామ్ ముక్క. తమ్ముడి రెండు వేళ్ళూ సెకనుకి ఎన్నిసార్లు అదురుతాయి, ఎంత దూరం అదురుతాయి, అలిసిపోతే ఎంత పెరుగుతుంది, ఇవన్నీ ఒక వానల వారంలో అతని మంచం పక్కనే కూర్చుని కొలిచి, ఆ అంకెలతో రాసిన ముక్క అది. అతని వేలి అదురుని తీసేసి, అతను అనుకున్న కదలికని మాత్రం కన్సోల్‌కి పంపుతుంది. ఆ అంకెలు ఇంకొకళ్ళ వేళ్ళకి సరిపోవు గనక నెట్‌లో పెట్టలేదు. ఇప్పుడు ఎవరో అంకెలు కొద్దిగా జరిపారు. వేలి అదురుకి బదులు తుపాకీ అదురు. మిగతాదంతా అక్షరం మారలేదు.

“ఇది నేను ఎక్కడా పెట్టలేదు,” అంది డాక్టర్ గొంతు తగ్గించి.

“నాకు తెలుసు. వాడి వేళ్ళ కోసం రాసినప్పుడు నువ్వే చూపించావు కాబట్టి గుర్తుపట్టాను. నెట్ అంతా వెతికాను. ఎక్కడా లేదు.”

“నా లాప్‌టాప్‌లో ఉంది. వాడి కంప్యూటర్లో ఉంది. ఇంకెక్కడా లేదక్కా.”

“అదీ తెలుసు.” పెద్దక్క ఆమె ముఖంలోకి చూడలేకపోయింది. “అందుకే ఈ అయిదు నెలలూ నువ్వే అమ్మావనుకున్నాను.”

డాక్టర్ కాగితం బల్ల మీద పెట్టింది.

“ఏమన్నావ్?”

“దుకాణానికి ఎవరూ రావడం లేదని పళ్ళు బిగించుకుని నువ్వే చెప్పావు మొన్న వేసవిలో. వాడి ఫిజియోథెరపీ ఆపేద్దామా అని కూడా అన్నావు. ఏదో గతిలేక చేసుంటావనుకున్నాను. వాడి కంట్రోలర్‌కి మినహాయింపు ఇవ్వమని నేను అడగొచ్చు. అడిగితే మా వాళ్ళు దాన్ని తెమ్మంటారు, విప్పుతారు. రెండింట్లోనూ ఒకే ప్రోగ్రామ్ ఉందని తేలడానికి పది నిమిషాలు పట్టదు. ఆ తర్వాత కేసు నీ మీద. అందుకని నోరు కుట్టేసుకుని సంతకం పెట్టాను.”

“అంటే నన్ను కాపాడావు.”

“అవును.”

“నన్ను దొంగని చేసి కాపాడావు. ఫోన్ చేసి ఒక్క మాట అడగడానికి నోరు రాలేదు గానీ, వాడి చేతులు రెండూ తీసేయడానికి చెయ్యొచ్చింది!” ఇంతసేపూ అణచుకున్న గొంతు ఒక్కసారి పగిలింది. “అయిదు నెలలు నువ్వు ఈ ఇంటికొచ్చి, నా చేత్తో టీ తాగి, నన్ను అలాగే అనుకుంటూ కూర్చున్నావా అక్కా?”

పెద్దక్క కళ్ళజోడు తీసి చీర చెంగుతో తుడుచుకుంది. కళ్ళు తుడుచుకోవడానికి బదులు అది.

లోపలి తలుపు తెరుచుకుంది. అమ్మ. చేతిలో ఇంకా సూది ఉంది. కంట్రోలర్లో గడ్డం పెట్టుకునే గిన్నెకి మెత్తటి గుడ్డ తొడుగు ఆవిడే కుడుతుంది, నెలకొకటి. అప్‌డేట్ వచ్చిందనీ కంట్రోలర్ పనిచేయడం లేదనీ చెప్పినా ఈ నెలది మాత్రం ఆపలేదు.

“అరుపులు ఆపి లోపలికి రండి ఇద్దరూ. వాడు పిలుస్తున్నాడు,” అంది. “చెక్క గోడ. మీరేమో గుసగుసలనుకుంటున్నారు. మొదటినుంచీ వింటున్నాం.”

*

తమ్ముడు ఎత్తుగా లేపిన మంచం మీద ఉన్నాడు. ముప్పయ్యేళ్ళు. రేపటి ఉద్యోగం కోసమని నిన్ననే క్షవరం చేయించుకున్నాడు. ఎదురుగా తెర మీద ఆ వాక్యం అలాగే ఉంది. వంచిన ఇనుప కడ్డీ చివర గడ్డం గిన్నె, ముఖానికి బెత్తెడు దూరంలో.

“చిన్నక్క కాదు పెద్దక్కా,” అన్నాడు. “నేను.”

ఎవరికీ అర్థం కాలేదు.

“ఆ ముక్క బయటికిచ్చింది నేను.”

అమ్మ మంచం అంచున కూర్చుండిపోయింది.

“ఎనిమిది నెలల కిందట, ఇప్పుడు నాకు ఉద్యోగమిచ్చిన స్టూడియో ఆయన మొదటిసారి వీడియోలో మాట్లాడాడు. నేను ఆడుతుంటే గంటసేపు చూశాడు. వేళ్ళు అంతలా వణుకుతున్నాయి, తెర మీద ఏమీ తెలియడం లేదే, ఎలాగని అడిగాడు. చెప్పాను. ఆ ఫైలు పంపగలవా, మా ఆటల్లోనే పెడతాం, నీలాంటి వాళ్ళందరికీ పనికొస్తుందన్నాడు.” ఊపిరి కోసం ఆగాడు. ఎక్కువ మాట్లాడితే అతనికి ఆయాసం వస్తుంది. “కంప్యూటర్లో ఎక్కడుందో వెతికి, గడ్డంతో నొక్కుకుంటూ పంపేసరికి నలభై నిమిషాలు పట్టింది. ఆరేళ్ళలో నన్నెవరూ ఏమీ అడగలేదు పెద్దక్కా. ఏం కావాలి, ఏం తింటావు, పక్కకి తిప్పనా, ఇవే అడుగుతారు. ఆ రోజు ఒకాయన నాకిది ఇవ్వగలవా అని అడిగాడు. ఇవ్వడానికి నా దగ్గర కూడా ఒకటి ఉందనిపించింది.”

డాక్టర్ మంచం చువ్వ పట్టుకుని నిలబడింది. “నాకెందుకు చెప్పలేదురా?”

“నీది కదా. వద్దంటావని భయపడ్డాను. వాళ్ళ ఆట విడుదలైనప్పుడు చూపించి నిన్ను ఆశ్చర్యపరుద్దామనుకున్నాను.”

“సరే, మోసపోయావు,” అంది పెద్దక్క, గొంతు మెత్తబరుచుకుని. “నీ తప్పేముంది ఇందులో?”

“అక్కడితో అయిపోతే బాగుండేది.” తమ్ముడు కళ్ళు పైకప్పుకేసి తిప్పాడు. “మూడు నెలల కిందట ఒక ఆటలో ఎదుటి వాడి తుపాకీ కదలడం చూశాను. కదిలి, ఆగి, కొంచెం వెనక్కి వచ్చి నిలబడింది. నా వేలు అలాగే నిలబడుతుంది. మూడేళ్ళు రోజూ చూసినదాన్ని గుర్తుపట్టనా? ఆ డబ్బీ విప్పిన బొమ్మ నెట్‌లో వెతికి చూశాను. ఇంక అనుమానం లేదు. ఆయనకి ఉత్తరం రాశాను. ఇది నా దగ్గర తీసుకున్నదే కదా, ఎందుకిలా చేశారు అని.”

“ఏమన్నాడు?”

“జవాబు రాలేదు. మళ్ళీ రాశాను. రాలేదు. మూడోది రాశాక పది రోజులకి ఉద్యోగం వచ్చింది.”

ఆ మాట గదిలో అందరికీ ఒకేసారి అర్థమైంది. అమ్మకి కూడా. కిందటి నెల ఆ కబురు వచ్చిన రోజు ఆవిడ వీధి మొత్తం తిరిగి చెప్పుకొచ్చింది.

“నీ నోరు మూయడానికి ఇచ్చారది,” అంది డాక్టర్.

“అప్పుడే తెలుసు నాకు. తెలియదనుకుందామని చాలా ప్రయత్నం చేశాను చిన్నక్కా. నేను బాగా ఆడతాను, అందుకే ఇచ్చారు అనుకుందామని. అమ్మ ముఖం చూశాక ఇంక ఆ మాట నమ్మడం తేలికైపోయింది.”

అమ్మ కొడుకు నుదుటి మీద చెయ్యి వేసింది. “నువ్వు బాగా ఆడవని ఎవరన్నార్రా?” అని మాత్రం అంది.

డాక్టర్‌కి తమ్ముణ్ణి చాచి కొట్టాలనిపించింది. కొట్టడానికి వీల్లేని ఒంటిని చూసి ఇంకా కోపం వచ్చింది. కిటికీ దాకా వెళ్ళి వెనక్కి వచ్చింది. చివరికి పెద్దక్క వైపు తిరిగింది. “ఇప్పుడేంటి?”

పెద్దక్క కళ్ళజోడు సర్దుకుంది. ఇందాక దుకాణంలో నీళ్ళు నమిలిన మనిషి కాదు ఇప్పుడు. పదిహేనేళ్ళుగా ఆఫీసులో ఆవిడ ఎలా ఉంటుందో ఇంట్లో వాళ్ళు మొదటిసారి చూశారు.

“ఇప్పుడున్న కన్సోల్‌ని ఇంకో అప్‌డేట్‌తో సరిచేయొచ్చు. కొత్తదానికి ఆ వీలు లేదు. అనుమతి ఉన్నవాటినే రానివ్వాలన్న నియమాన్ని చిప్‌లోనే పోత పోస్తున్నారు. బుధవారం ఆ నమూనా ఫ్యాక్టరీకి వెళ్ళిపోతుంది. ఒక కన్సోల్ ఏడెనిమిదేళ్ళు నడుస్తుంది. వెళ్ళాక ఆ ఏడెనిమిదేళ్ళూ నేను కాదు కదా, కంపెనీ యజమాని దిగివచ్చినా మార్చలేడు.”

“అంటే?”

“ఇంట్లో చేసుకున్న కంట్రోలర్ల కోసం ఒక దారి ఉంచాలంటే మంగళవారం లోపల నేను అడగాలి. ఊరికే అడిగితే ఒప్పుకోరు. దొంగాట డబ్బీలు వచ్చింది ఆ దారినే కదా అంటారు. దొంగ ఎవరో, ముక్క ఎక్కణ్ణుంచి పోయిందో, ఎలా పోయిందో మొత్తం చూపించాలి. నీ కంట్రోలర్ కావాలి. నువ్వు రాసిన ఆ మూడు ఉత్తరాలూ కావాలి.” ఆగింది. “నా సంగతి కూడా చెప్పాలి. అయిదు నెలలు తెలిసి దాచానని.”

“నీ ఉద్యోగం?” అంది అమ్మ.

“ఉంటే ఉంటుంది.”

“తీసుకెళ్ళు,” అన్నాడు తమ్ముడు.

“ఒరేయ్, ఆలోచించుకో. మా వాళ్ళ దగ్గర అది ఎన్నాళ్ళుంటుందో తెలియదు. దాంతోనే కదా నువ్వు కంప్యూటర్ కూడా నడిపేది. తలుపు వేసినట్టయిపోతుంది నీకు.”

“ఆ టీచరమ్మకి ఆరు రోజుల్నుంచీ తలుపు వేసే ఉంది. నేనిచ్చిన ముక్క వల్లే. తియ్యి చిన్నక్కా.”

డాక్టర్ దుకాణంలోకి వెళ్ళి స్క్రూడ్రైవర్ తెచ్చింది. కడ్డీ నుంచి గిన్నె విప్పింది, గొట్టం విప్పింది. వేళ్ళ కింద మీటలు తీసేటప్పుడు ఆ రెండు వేళ్ళూ ఆమె అరచేతిలో టకటక కొట్టుకున్నాయి. చంటిపిల్లాడి వేళ్ళు పట్టుకున్నట్టు కాసేపు అలాగే పట్టుకుంది. కోపం ఇంకా పోలేదు, కానీ చెయ్యి వదలబుద్ధి కాలేదు. పెద్దక్క సంచి నోరు తెరిచి పట్టుకుంది. ఇద్దరూ ఒకళ్ళ ముఖం ఒకళ్ళు చూసుకోలేదు గానీ, తీగలు మాత్రం కలిసే చుట్టారు.

సంచి జిప్పు పూర్తిగా పడకముందే తమ్ముడి ఫోన్ మోగింది. తలగడ పక్కన ఉంది. పేరు చూసి అమ్మ వెనక్కి జరిగింది. స్టూడియో ఆయన.

“ఎత్తి స్పీకర్లో పెట్టు అమ్మా,” అన్నాడు తమ్ముడు.

గొంతు హుషారుగా ఉంది. “ఏమయ్యా, రేపటికి సిద్ధమేనా? ఏదో అప్‌డేట్ గొడవ నడుస్తోందని విన్నాను, నువ్వేం కంగారు పడకు. ఎన్నాళ్ళు పట్టినా నీ చోటు నీదే.” ఒక్క క్షణం ఆగి, అదే హుషారుతో అన్నాడు. “అన్నట్టు, మీ పెద్దక్కగారు కన్సోల్ కంపెనీలో చేస్తారటగా? నాతో చెప్పనేలేదు నువ్వు. బుధవారం లోపల ఆవిణ్ణి ఒక్కసారి కలవాలి, అనుమతి ముద్ర గురించి చిన్న పని ఉంది. నంబరిస్తావా?”

పెద్దక్క సంచిని గుండెకి అదుముకుని, వద్దు వద్దంటూ తల అడ్డంగా ఊపింది.

ఆ పనేమిటో ఆయన నోటితోనే చెప్పించాలన్నట్టు, తమ్ముడు ఆవిడ వైపే చూస్తూ నోరు విప్పాడు.

“నంబరెందుకండీ. మా పెద్దక్క ఇక్కడే ఉంది. మాట్లాడండి.”